లెక్కల కిట్టులో పనికొచ్చినవి, మూలన పడ్డవి

దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెబుతాను. మా గణితం కిట్టును పక్కనున్న ప్రైమరీ పిల్లలు కూడా వాడుకుంటారు. కొన్నేళ్లు వాళ్ల చేతుల్లో నలిగాక ఏది నిలిచిందో చెబుతాను.

అన్నింట్లోకి మేలైంది జియోబోర్డ్. ఐదు వరుసలు, వరుసకు ఐదు మేకులు, తగిలించడానికి రబ్బరు బ్యాండ్లు, అంతే. దీని మీద ఎన్ని సైజుల చతురస్రాలు వస్తాయని అడిగితే ఏడో తరగతి వాళ్లు 1, 4, 9, 16 వైశాల్యాలవి చేసి నాలుగే అంటారు. ఒక మేకును నడుమ ఉంచి, దాని చుట్టూ పైన, కింద, పక్కల ఉన్న నాలుగు మేకులకు బ్యాండు తగిలించానా, గొడవ మొదలు. "సార్, గిది వంకరున్నది, చతురస్రం ఎట్లయితది?" అన్నాడొకడు. పక్కనున్న పిల్ల ఏమీ మాట్లాడకుండా బోర్డు కొంచెం తిప్పి, నోటుబుక్కు మూలను ఆనించి చూసింది. దాని వైశాల్యం 2. ఆ తర్వాత 5, 8, 10 వాళ్లే పట్టుకున్నారు. మొత్తం ఎనిమిది. ఇది చేసిన పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం చెప్పడం సులువు. మా ఎండలకు మాత్రం కిట్టులో వచ్చిన బ్యాండ్లు వేసవి సెలవులయ్యేసరికి అతుక్కుపోతాయి. జడ రబ్బర్లు వాడండి.

పదుల కడ్డీల గురించి, అంటే పది విడి ముక్కలకు బదులు ఒక్కటిగా ఉండే ప్లాస్టిక్ కడ్డీల గురించి, నా మాట వేరు. 52లోంచి 27 తీసేయాలంటే ప్లాస్టిక్ కడ్డీ విడిపోదు కదా, దాన్ని ఇచ్చి పది విడి ముక్కలు తెచ్చుకోవాలి. రెండో తరగతి వాళ్లకు ఆ మారకం తొందరగా ఎక్కదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి ఇస్తే, ఒక కట్ట విప్పి, పన్నెండు పుల్లల్లోంచి ఏడు తీసి పక్కన పెడతారు. వందల్లోకి వచ్చాక ప్లాస్టిక్‌వే నయం, అన్ని పుల్లలు ఎవరు కడతారు?

భిన్నాల గుండ్రటి బిళ్లలు సగం, పావు చూపడానికి బాగుంటాయి. కూడికలో తేలిపోతాయి. దానికి 12 సెంటీమీటర్ల అట్ట పట్టీలు కోయించాను: సగం 6, మూడో వంతు 4, ఆరో వంతు 2. సగం, మూడో వంతు వరసగా పెట్టి కింద ఆరో వంతులు పేరిస్తే సరిగ్గా ఐదు పడతాయి. అయినా పట్టీలు తీసేయగానే 2/5 అని రాసేవాళ్లుంటారు. అందుకే పట్టీల బొమ్మ నోటుబుక్కులో గీయించి, దాని కిందే అంకెలు రాయిస్తాను. ఇది లేకపోతే ఆ పీరియడ్ ఆటతోనే సరి.

సంభావ్యత చక్రం ముల్లు తొందరగానే ఊడింది, పాచికలు చాలు.

కిట్టు మొత్తం కొనే బదులు ఆ డబ్బుతో జియోబోర్డులే ఎక్కువ చేయించుకోండి, ఇద్దరికొకటి ఉండాలి. ప్లైవుడ్ మీద గళ్లు గీసిచ్చి వడ్లాయన చేత మేకులు కొట్టించండి. మేకుల మధ్య దూరం అన్నివైపులా సమానంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి.