స్విఫ్ట్‌కి ఐదు సెట్ల బ్రేక్ ప్యాడ్లు, రెండు జతల డిస్కులు వాడాక

నాది 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్. 2018లో 52,000 కిలోమీటర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇల్లు విజయవాడలో, ఉద్యోగం గుంటూరులో. వారంలో ఐదు రోజులు వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్ మీదుగా వెళ్లి రావాలి. రీడింగ్ ఇప్పుడు 1,64,000. ముందు బ్రేకులో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ప్యాడ్లు. ఇన్నేళ్లలో ముందు చక్రాలకి ఐదు సెట్ల ప్యాడ్లు మార్చాను, కారుతో వచ్చినవాటితో కలిపి రెండు జతల డిస్కులు వాడాను. అందులో ఒక సెట్ అనవసరంగా మార్చాను, ఒక సెట్ వరదకి పోయింది. ప్యాడ్లు మార్చే ముందు "ఏ బ్రాండ్ మంచిది" అని నన్ను అడిగేవాళ్లు చాలామంది. నాకు తెలిసి వచ్చిందేమిటంటే, రోడ్డు మీద తిరిగే మామూలు కారుకి బ్రాండ్ కంటే బిగించే పద్ధతే ఎక్కువ ముఖ్యం. అది నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

కొన్నాక మొదటిసారి 2019 చివర్లో, 71,000 దగ్గర మార్చాను. ప్యాడ్‌కి ఉండే చిన్న రేకు నాలుక డిస్కుకి తగిలి కీచుమనడం మొదలైంది. ప్యాడ్ అరిగిపోయిందని చెప్పడానికే ఆ నాలుక పెడతారు, కాబట్టి ఆ శబ్దం వచ్చాక ఇంకో నెల లాగుదాం అనుకోకూడదు. తెలిసిన గ్యారేజీలో "హెవీ డ్యూటీ" అని సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేశారు. డిస్కుల జోలికి పోలేదు. ప్యాడ్లు మాత్రం తీసి ప్యాడ్లు పెట్టారు, అరగంటలో పని అయిపోయింది.

సెమీ మెటాలిక్ అంటే ప్యాడ్ మెటీరియల్‌లో ఇనుప పొడి, ఉక్కు నూలు లాంటి లోహాలు బాగా కలిపి ఉంటాయి. వేడికి బాగా తట్టుకుంటాయి. శ్రీశైలం వెళ్లినప్పుడు దోర్నాల నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాటి పట్టు చూసి ముచ్చటేసింది. కానీ నా బతుకు ఘాట్ రోడ్డు మీద కాదు. పొద్దున్నే చల్లగా ఉన్న బ్రేకుతో బెంజ్ సర్కిల్ దగ్గర మొదటిసారి నొక్కితే పట్టు కొంచెం ఆలస్యంగా దొరికేది. రెండు మూడు సార్లు నొక్కాక సరిపోయేది. పైగా మెల్లగా ఆగేటప్పుడు గరగరమనే శబ్దం, చక్రాల మీద నల్లటి పొడి. 23,000 కిలోమీటర్లు నడిపేసరికి డిస్కు చివర వేలికి తగిలేంత గట్టు లేచింది. అరిగిన డిస్కు మీద గట్టి ప్యాడ్ వేసిన ఫలితం అది.

ప్యాడ్ అంచు మీద చిన్న కోడ్ అచ్చు వేసి ఉంటుంది, దాని చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ ఎంతో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. చిన్న ముక్క మీద చేసిన పరీక్ష కాబట్టి దాన్ని చూసి మన్నిక చెప్పలేం. అయినా షాపులో రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి అడిగినప్పుడు చూడదగ్గ గుర్తు ఇదొకటి. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువగా ఉంటే, వేడెక్కినకొద్దీ పట్టు తగ్గుతుందని అర్థం. ఊళ్లో తిరిగే కారుకి రెండూ ఎఫ్ ఉంటే చాలని నా అభిప్రాయం.

2021లో 94,000 దగ్గర డిస్కులు లేత్ మీద ఎక్కించి సాపు చేయించి, సెరామిక్ ప్యాడ్లు (లోహానికి బదులు ఎక్కువగా పింగాణీ రకం నూలు కలిపినవి) వేయించాను. చాలా హాయిగా అనిపించింది. శబ్దం లేదు, చక్రాలు శుభ్రంగా ఉండేవి, చల్లటి బ్రేకు కూడా చక్కగా పట్టేది. ఆ మూడు నాలుగు నెలలు ఎవరు అడిగినా సెరామిక్కే వేయించుకోండి అని చెప్పాను.

1,00,000 దాటాక కుదుపు మొదలైంది. హైవే మీద 80, 90లో వస్తూ కాజ టోల్ ముందు బ్రేక్ నొక్కితే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకునేది. కాలి కింద పెడల్ కూడా అదిరేది. మెల్లగా వెళ్తే ఏమీ ఉండదు. ఒకరోజు తాడేపల్లి దగ్గర ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగితే గట్టిగా నొక్కాను. కారు ఆగింది గానీ ఆ అదురుకి వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి భయపడిపోయింది. ప్యాడ్లు మంచివి కావేమోనన్న అనుమానంతో 1,02,000 దగ్గర ఇంకో కంపెనీ సెరామిక్ ప్యాడ్లు కొని వేయించాను. వారం రోజులు బాగుంది. తర్వాత మళ్లీ అదే కుదుపు.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి మా బావగారు తీసుకెళ్లారు. ఆయన కారు నడిపి చూసి, చక్రం విప్పి, డిస్కు బయటికి తీశారు. సుత్తితో కొట్టలేదు. డిస్కులోనే రెండు మరల రంధ్రాలుంటాయి. వాటిలో ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు రెండు పెట్టి సమానంగా బిగిస్తే డిస్కు దానంతటదే హబ్ నుంచి, అంటే డిస్కూ చక్రమూ కూర్చునే పీట నుంచి, విడిపోయి వచ్చింది. హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. వేలు పెట్టి చూపించారు, ఒక పక్క గోరు మందాన తగిలింది.

"ప్యాడ్లని తిట్టుకోకండి బాబూ, అవేం చేస్తాయి? పీట వంకరగా ఉంటే ఎంత మంచి డిస్కయినా ఊగుతుంది" అన్నారు.

డిస్కు ఎంత ఊగుతుందో కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్కుని చేత్తో తిప్పితే ముల్లు 0.14 మిల్లీమీటర్లు ఊగింది. చాలా కార్లకి ఇది 0.1 లోపు ఉండాలి, 0.05 లోపు ఉంటే మరీ మంచిది. వైర్ బ్రష్‌తో, ఎమెరీతో హబ్ తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేశారు. డిస్కుని ఒక బోల్టు రంధ్రం అవతలికి తిప్పి పెట్టి మళ్లీ కొలిస్తే 0.06కి దిగింది. నాలుగు బోల్టుల డిస్కుని ఒక్కో రంధ్రం చొప్పున తిప్పి చూస్తే, హబ్ వంపూ డిస్కు వంపూ ఒకదాన్నొకటి సర్దుకునే చోటు ఒకటి దొరుకుతుంది. ఈ చిన్న పని ఎవరైనా చేయగలరు, కానీ చేసేవాళ్లు తక్కువ.

"డిస్కు వంగిపోయింది" అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, నా కారులో జరిగింది వేరు. తుప్పు వల్ల డిస్కు కొంచెం వాలుగా కూర్చుంది. బ్రేక్ నొక్కకపోయినా తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కి తగులుతూ వచ్చింది. వేల కిలోమీటర్లు అలా తగిలేసరికి ఆ చోట మందం తేడా వచ్చింది. ఆ తేడాయే పెడల్ కింద అదురుగా తెలిసింది. అందుకే కుదుపు మొదటి రోజున రాకుండా ఐదారు వేల కిలోమీటర్ల తర్వాత వచ్చింది, అందుకే కొత్త ప్యాడ్లు వేసినా పోలేదు. రెండు కంపెనీల సెరామిక్ ప్యాడ్లనీ అన్యాయంగా తప్పుపట్టాను.

డిస్కు మందం కూడా కొలిచారు. డిస్కు అంచు మీద గానీ మధ్య టోపీ భాగం మీద గానీ కనీస మందం ఎంత ఉండాలో అచ్చు వేసి ఉంటుంది. లేత్ పట్టించాక నావి ఆ గీతకి బాగా దగ్గరకొచ్చేశాయి. పలచబడిన డిస్కు వేడిని తక్కువ పట్టి ఉంచుతుంది, తొందరగా వేడెక్కిపోతుంది. ఇక కొత్తవే కొన్నాను. 2022 మధ్యలో, 1,04,000 దగ్గర, మారుతి కంపెనీ డిస్కులు జత నాలుగున్నర వేల దాకా, కంపెనీ ప్యాడ్లు రెండు వేల చుట్టుపక్కల పడ్డాయి. షాపులో రంధ్రాలు, గాడులు ఉన్న డిస్కులు కూడా చూపించారు. చూడటానికి అందంగా ఉన్నాయి. మన వాడకానికి ఆ రంధ్రాలతో వచ్చే లాభం ఏమీ లేదు, పైగా వేడీ చల్లదనం మారుతుంటే రంధ్రాల అంచుల దగ్గర పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. కరకట్ట మీద ఇసుక లారీల వెనక తిరిగే కారుకి ఆ రంధ్రాల నిండా ఇసుక చేరుతుంది. వద్దన్నాను.

బిగించిన రోజున మేస్త్రి గారు ఎక్కువ సేపు గడిపింది ప్యాడ్ల దగ్గర కాదు, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జారే పిన్నుల దగ్గర. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) చూసి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాశారు. మామూలు చాసిస్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. పిన్ను పట్టేస్తే క్యాలిపర్ జరగదు, ఒక ప్యాడే డిస్కుని నొక్కుతుంది. పాత ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూపించారు. ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ బయటిదాని కంటే ఎక్కువ అరిగి ఉంది. ప్యాడ్లు తీసేటప్పుడు ఇలా నాలుగూ వరసగా పెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. పాత ప్యాడ్లు పారేయకుండా నాకు చూపించమని ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందే చెబుతాను. చివర్లో చక్రం నట్లు గాలి గన్నుతో కాకుండా ఎదురెదురుగా ఒక్కోటీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించారు. ఎక్కువ తక్కువగా బిగిస్తే డిస్కు మళ్లీ వాలుతుంది.

కొత్త ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయడం కూడా ఆయనే చెప్పారు. మర్నాడు తెల్లవారుజామున అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, 60 నుంచి 15 దాకా కొంచెం గట్టిగా బ్రేక్ వేసి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం పెంచి, అలా పదిసార్లు చేశాను. ఆఖర్లో కొంచెం కాలిన వాసన వచ్చింది. తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టుకోకుండా మెల్లగా నడిపి చల్లార్చాను. వేడి మీద ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్కు మీద అక్కడే పడుతుంది, ఆ పని మాత్రం చేయకూడదు.

ఆ తర్వాత రెండేళ్లు బ్రేకుల గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. చల్లటి బ్రేకు సరిగ్గా పట్టేది, 100 మీద కూడా స్టీరింగ్ కదలలేదు. పొడి సెరామిక్ కంటే ఎక్కువ, సెమీ మెటాలిక్ కంటే బాగా తక్కువ.

ఒక విషయం ప్యాడ్లకి సంబంధించింది కాకపోయినా చెప్పాలి. 2020లో శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ నల్లమల ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి కిందికి పోయింది. పక్కకి ఆపి అరగంట ఆగాక మళ్లీ గట్టిపడింది. నేను కొన్నాక అప్పటిదాకా బ్రేక్ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. అది గాల్లో తేమని పీలుస్తుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ గీత 140కి దిగిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ లోపలికి పోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ప్యాడ్ ఉన్నా ఆదుకోదు. ఇప్పుడు రెండేళ్లకోసారి తప్పకుండా మారుస్తున్నాను, ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్ వదలను.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగినప్పుడు చక్రాలు సగం మునిగిన నీళ్లలోంచి కారు బయటికి తెచ్చి ఫ్లైఓవర్ మీద పెట్టాను. హ్యాండ్ బ్రేక్ వేసి అలాగే వారం వదిలేశాను. మళ్లీ వెళ్లి స్టార్ట్ చేసి కదిలిస్తే వెనక చక్రాల డ్రమ్ బ్రేకుల్లోంచి, ముందు డిస్కుల్లోంచి టప్‌మని శబ్దాలు వచ్చాయి. ప్యాడ్లు డిస్కుకి తుప్పుతో అతుక్కుపోయాయి. చక్రం విప్పితే డిస్కు మీద ప్యాడ్ ఆకారం అచ్చు పోసినట్టు ఎర్రగా కనిపించింది. పిన్నుల బూట్లలోంచి బురద నీళ్లు కారాయి. ప్యాడ్లలో మెటీరియల్ ఇంకా మిగిలే ఉంది, కానీ ఒకదానిలో ఇనుప రేకుకీ మెటీరియల్‌కీ మధ్య తుప్పు దూరి అంచు దగ్గర పైకి లేచింది. గోరు పెడితే లోపలికి దిగింది. అలాంటి ప్యాడ్ నడుస్తూ ఉండగా ఊడి రావచ్చు. 36,000 కిలోమీటర్లే తిరిగినా మార్చేశాం. డిస్కులు కొలిస్తే మందం బాగానే ఉంది, ఊగు కూడా లేదు. శుభ్రం చేసి అవే ఉంచాం. వానాకాలం పొద్దున కనిపించే పలచటి ఎర్ర తుప్పుకి మాత్రం కంగారు పడక్కర్లేదు, రెండు మూడు బ్రేకులతో అది పోతుంది. నీళ్లలో దిగి వచ్చి రోజుల తరబడి కదలని కారుని మాత్రం తప్పకుండా విప్పి చూడాలి. నీళ్లలోంచి వచ్చిన కారుకి చోటు చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేక్ వదిలి, గేర్‌లో ఉంచి, చక్రాలకి రాయి అడ్డం పెట్టాలని ఆ రోజు తెలిసింది.

ఎవరైనా నన్ను ఇప్పుడు అడిగితే నేను ప్యాడ్ పేరు చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాను: డిస్కు కొలిచారా, హబ్ శుభ్రం చేశారా, పిన్నులు చేతికి జారుతున్నాయా, ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే కంపెనీ ప్యాడ్లు ఊరికీ హైవేకీ చాలు. శబ్దం, పొడి మీకు పెద్ద చిరాకైతే సెరామిక్ వేసుకోండి. తరచూ నిండా మనుషులతో ఘాట్లు ఎక్కి దిగేవాళ్లకైతే సెమీ మెటాలిక్ నయం. ఏది కొన్నా బిల్లుతో కొనండి. ఒకసారి ఒక షాపులో చవగ్గా దొరికిందని తీసుకున్న కంపెనీ పెట్టెలో అక్షరదోషం కనిపించి వెనక్కి ఇచ్చేశాను. ప్రాణానికి సంబంధించిన సామానులో మూడు వందలు మిగుల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మొన్న ఆదివారం మళ్లీ చక్రాలు విప్పి చూశాను. వరద తర్వాత వేసిన ప్యాడ్లు 24,000 తిరిగాయి. కుడి పక్క లోపలిది ఆరు మిల్లీమీటర్లు, బయటిది ఆరున్నర. ఎడమ పక్క రెండూ ఆరే. డిస్కులు 60,000 దాటాయి, చివర గట్టు వేలికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది, అచ్చు వేసిన కనీస మందానికి ఇంకా దూరమే. వచ్చే దసరా లోపు ఇంకోసారి కొలుస్తాను.