పాత ఆర్కేడ్ యంత్రం కొనేవారికి హెచ్చరిక: మెయిన్ స్విచ్ వేయగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అవుతుందో లేదో చూడనిదే డబ్బు కట్టకండి

తోటి గేమ్ జోన్ నిర్వాహకులకూ, పాత ఆర్కేడ్ యంత్రాలు కొనే ఆలోచనలో ఉన్నవారికీ ఈ హెచ్చరిక. రాజమహేంద్రవరంలో మా కుటుంబం నడుపుతున్న చిన్న గేమ్ జోన్ కోసం ఒక కారు రేసింగ్ యంత్రాన్ని, మరమ్మతు చేసి అమ్ముతామని చెప్పుకునే పొరుగు రాష్ట్రపు వ్యాపారి దగ్గర కొన్నాం. ఆ యంత్రంలో ఇంతకుముందు పవర్ సమస్య ఉండేదనీ, మదర్‌బోర్డు మార్చి దాన్ని పూర్తిగా సరిచేశామనీ ఆయన బిల్లు మీదే రాసి, అందుకు విడిగా సొమ్ము తీసుకున్నారు. యంత్రం మా దగ్గరికి చేరాక మెయిన్ స్విచ్ వేస్తే పైన ఉన్న లైట్లు వెలుగుతాయి, తెర వెలుగుతుంది, కానీ తెర మీద సిగ్నల్ లేదన్న సందేశం తప్ప ఏమీ రాదు. లోపలి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టేజీలుగా మార్చే డబ్బా) ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

వెనక తలుపు తెరిపించి చూసినప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, మదర్‌బోర్డు మారలేదు. కొనకముందు వాళ్లే పంపిన ఫొటోలో కనిపించిన సీరియల్ నంబరే బోర్డు మీద ఇప్పటికీ ఉంది. రెండోది ఇంకా ఆందోళన కలిగించేది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరు దగ్గర ఆకుపచ్చ తీగ తొడుగు గీరి, దాన్ని పక్కనున్న నల్ల తీగతో మెలివేసి టేపు చుట్టారు. మరమ్మతు పేరుతో మా దగ్గర తీసుకున్న డబ్బుకు జరిగిన పని అంతే.

ఇందులో మోసం ఎక్కడుందో అర్థం కావాలంటే ఆర్కేడ్ యంత్రంలో కంప్యూటర్ ఎలా ఆన్ అవుతుందో కొంత తెలియాలి. 1985లో వచ్చిన జామా ప్రమాణం (ఆర్కేడ్ బోర్డులను యంత్రానికి తగిలించే ఉమ్మడి పద్ధతి) నాటి బోర్డులకు దానంతటదే ఆన్ కాని చిక్కు లేదు, ఎందుకంటే ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు అందిన వెంటనే 5 వోల్టులు బోర్డుకు చేరి ఆట మొదలయ్యేది. 2004లో వచ్చిన తైతో టైప్ ఎక్స్, 2005లో వచ్చిన సెగా లిండ్‌బర్గ్ వంటి వాటితో పర్సనల్ కంప్యూటరే యంత్రం లోపలికి వచ్చి కూర్చుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ పద్ధతిలో గోడ దగ్గర స్విచ్ వేసినంత మాత్రాన కంప్యూటర్ ఆన్ కాదు. అప్పుడు ఊదా రంగు తీగ మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మాత్రమే వస్తుంది. ఎవరో ఒకరు పవర్ బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు, అంటే నల్ల తీగకు, కలుపుతుంది, అప్పుడే ఎస్‌ఎంపీఎస్ మిగతా వోల్టేజీలను విడుదల చేస్తుంది. గేమ్ జోన్‌లో ఉదయం ఎంసీబీలు పైకి వేసే మనిషి ఒక్కో యంత్రం వెనక తలుపు తాళం తీసి బటన్ నొక్కుతూ పోలేరు కాబట్టి, కరెంటు రాగానే నీ అంతట నువ్వే ఆన్ కావాలని బోర్డుకు ముందే చెప్పి ఉంచాలి. ఆ ఆదేశం ఉండేది బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాములో. కొన్ని బోర్డుల్లో దాని పేరు ఏసీ బ్యాక్, కొన్నింటిలో రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్, డెల్ కంప్యూటర్లలో ఏసీ రికవరీ. దాన్ని పవర్ ఆన్ అనే ఎంపికలో పెట్టాలి. లాస్ట్ స్టేట్ అన్న ఎంపిక సరిపోతుందని కొందరు మెకానిక్‌లు చెబుతారు గాని నేను ఒప్పుకోను. ముందురోజు రాత్రి ఎవరైనా కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఉంటే, మర్నాడు కరెంటు వచ్చినా అది ఆ చివరి స్థితినే గుర్తుపెట్టుకుని ఆగిపోయే ఉంటుంది.

మా యంత్రంలో అసలు లోపం ఏమిటంటే, బోర్డు మీద ఉండే సీఆర్ 2032 కాయిన్ సెల్ (నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ) చచ్చిపోయింది. వంద రూపాయలలోపు దొరికే వస్తువు అది. మంచి సెల్ మల్టీమీటర్ మీద 3 వోల్టులకు కాస్త ఎక్కువే చూపిస్తుంది. 2.7, 2.8 వోల్టుల దగ్గరికి దిగిందంటే మార్చేయడమే మంచిది. మా సెల్‌లో 2 వోల్టులు కూడా లేవు. అది అయిపోతే బయోస్ తన అమరికలన్నీ మరిచిపోయి తయారీనాటి అమరికలకు వెళ్లిపోతుంది, వాటిలో ఈ ఆదేశం చాలా బోర్డుల్లో పవర్ ఆఫ్‌గానే ఉంటుంది. అంతటితో ఆగదు. బటన్ నొక్కి ఆన్ చేసినా, అమరికలు పోయాయి, ఎఫ్1 నొక్కండి అనే సందేశంతో బోర్డు ఆగిపోవచ్చు, ఆర్కేడ్ యంత్రానికి కీబోర్డు ఉండదు కాబట్టి అది అక్కడే నిలబడిపోతుంది. హార్డ్ డిస్క్‌ను చదివే సాటా పద్ధతి కూడా తారుమారైతే విండోస్ ఎక్స్‌పీ నడిచే యంత్రాల్లో విండోస్ ఆగిపోయి లోప సందేశంతో నీలి తెర వస్తుంది. ఇవన్నీ చూసి ఆట సాఫ్ట్‌వేర్ పాడైందనో, బోర్డు కాలిపోయిందనో చెప్పి వేలకు వేలు గుంజడం ఈ వ్యాపారంలో కొందరికి అలవాటైపోయింది.

కొనేవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. కంప్యూటర్‌కు మెయిన్ కరెంటు ఉన్నంతసేపు ఆ స్టాండ్‌బై కరెంటే బయోస్ జ్ఞాపకాన్ని కాపాడుతుంది, అప్పుడు సెల్ చచ్చినా తేడా తెలియదు. అమ్మేవారి దుకాణంలో ప్లగ్గు తీయకుండా ఉంచిన యంత్రం మీ ఎదుట ఎన్నిసార్లయినా చక్కగా ఆన్ అవుతుంది. లారీలో రెండు రోజులు ప్రయాణం చేసి మీ ఊరు చేరాకే దాని అసలు సంగతి బయటపడుతుంది. మాకు పంపిన వీడియోలో యంత్రం నిక్షేపంగా నడవడానికి కారణం ఇదేనని నాకు ఇప్పుడు ఏ అనుమానమూ లేదు.

ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలపడం ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తోందో లేదో విడిగా పరీక్షించడానికి మెకానిక్‌లు కాసేపు చేసే పని. దాన్ని శాశ్వతంగా యంత్రంలో వదిలేయడం మరమ్మతు కాదు. ఫ్యాను తిరుగుతుంది, వోల్టేజీలు వస్తాయి, కానీ ఆన్ కమ్మన్న ఆదేశం బోర్డుకు అందలేదు కాబట్టి చాలా బోర్డులు మొద్దులా అలాగే ఉండిపోతాయి. కొన్ని బోర్డులు ఆన్ అవుతాయి గాని అక్కడ ప్రమాదం మరోలా ఉంటుంది. ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కి బోర్డు సరఫరాను ఆపమని కోరినా ఆ మాట ఎస్‌ఎంపీఎస్‌కు చేరదు. పిల్లలు కూర్చుని ఆడే యంత్రంలో ఇలాంటి పని చేసి చేతులు దులుపుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మరో రకం అతుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది కనిపెట్టడం కష్టం. పవర్ బటన్ తీగలు తగిలించే రెండు పిన్నుల మధ్య చిన్న టైమర్ రిలేనో (కరెంటుతో పనిచేసే స్విచ్), కెపాసిటరో (ఛార్జి నిల్వ చేసే భాగం) అతికించి, కరెంటు రాగానే క్షణకాలం బటన్ నొక్కినట్టు చేస్తారు. బయోస్‌లో ఆ సౌకర్యమే లేని పాత బోర్డులకు సరిగ్గా అమర్చిన రిలే న్యాయమైన పరిష్కారమే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే రిలే అతుక్కుపోయినా, ఎవరైనా ఆ పిన్నులను నేరుగా తీగతో కలిపేసినా, యంత్రం ఆన్ అయి సుమారు నాలుగు సెకన్లకే ఆగిపోతుంది, ఎందుకంటే బటన్‌ను అంతసేపు నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆపేయడం ఈ కంప్యూటర్ల సహజ లక్షణం. అలా ఆగిపోయే యంత్రాన్ని చూపించి ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి.

కాబట్టి కొనే ముందు మీ కళ్లెదుటే ఈ పరీక్ష చేయించండి. కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయించి, ప్లగ్గు పూర్తిగా తీయించి, బోర్డు మీద వెలిగే చిన్న స్టాండ్‌బై లైటు ఆరిపోయేదాకా ఆగండి. ఆ తర్వాత ఎవరూ ఏ బటనూ ముట్టుకోకుండా గోడ స్విచ్ ఒక్కటే వేయమనండి. ఆట మొదటి తెర దానంతటదే రావాలి. కుదిరితే రాత్రంతా ప్లగ్గు తీసి ఉంచమని చెప్పి, మర్నాడు ఉదయం మళ్లీ అదే పరీక్ష చేయించి, బయోస్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే సెల్ పోయినట్టే. దీనికి ఒప్పుకోని వ్యాపారి దగ్గర కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

మన ఊళ్లలో ఇంకొక పరీక్ష కూడా అవసరం. కరెంటు పోయి జనరేటర్‌కు మారే ఒకటి రెండు సెకన్లలో ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి వల్ల స్టాండ్‌బై కరెంటు పూర్తిగా పోదు. కరెంటు పోయినట్టు బోర్డు గుర్తించదు, అయినా కంప్యూటర్ ఆగిపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు బయోస్ అమరిక సరిగ్గా ఉన్నా కొన్ని యంత్రాలు తిరిగి ఆన్ కావు. స్విచ్ ఆపి వెంటనే వేసి చూస్తే ఈ బలహీనత తెలిసిపోతుంది. దీనికి మందు చిన్న యూపీఎస్ గాని, కరెంటు తిరిగి వచ్చాక అరనిమిషమో, నిమిషమో ఆగి సరఫరా ఇచ్చే టైమర్ గాని. బోర్డు మార్చవలసిన అవసరం లేదు.

సెల్, అమరిక రెండూ సరిగ్గా ఉన్నా ఆన్ కాకపోతే బయోస్‌లో ఈఆర్‌పీ అనే ఎంపిక చూడమనండి. ఆపి ఉంచిన పరికరాలు వాడే కరెంటు మీద ఐరోపా సమాఖ్య పెట్టిన పరిమితుల కోసం వచ్చిన ఎంపిక ఇది, దీన్ని ఆన్‌లో ఉంచితే కొన్ని బోర్డుల్లో తనంతట తాను ఆన్ అయ్యే సౌకర్యం పనిచేయదు. ఆ తర్వాత ఊదా తీగ మీద వోల్టేజీ కొలిపించండి, 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే, లేదా బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే, అప్పుడు నిజంగానే భాగాలు మార్చే పని ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పకండి, 230 వోల్టుల మీద నడిచే దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులు దాటి ఉండిపోవచ్చు. జపాను నుంచి వచ్చిన యంత్రాలైతే 100 వోల్టులకు తయారైనవి, వాటి ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం యంత్రం లాగే కరెంటుకు సరిపోతుందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

మదర్‌బోర్డు మార్చామని ఎవరైనా చెబితే పాత బోర్డు చూపించమని అడగండి, పాత, కొత్త సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. చాలా ఆటలు యూఎస్‌బీ సెక్యూరిటీ కీతోనో, నిర్దిష్టమైన హార్డ్‌వేర్‌తోనో ముడిపడి ఉంటాయి, వేరే బోర్డు పెడితే ఆట తెరుచుకోకపోవచ్చు. అందువల్ల నిజంగా బోర్డు మార్చిన వ్యాపారి ఆ వివరాలు చెప్పగలిగే స్థితిలోనే ఉంటారు.

మా వ్యాపారి మొదట రవాణాలో కుదుపు వల్ల అలా జరిగిందన్నారు, తీగల ఫొటోలు పంపాక ఫోను ఎత్తడం మానేశారు. సెల్ మార్పించి, మెలివేసిన తీగలు విడదీసి, ఆకుపచ్చ తీగను సరిచేయించి, బయోస్ అమరిక పెట్టించాక యంత్రం ఇప్పుడు పనిచేస్తోంది. అంత మాత్రాన చేయని పనికి తీసుకున్న సొమ్మును వదులుకోదలచుకోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్న వస్తువులకు వర్తించదని ఆయన మనుషులు మమ్మల్ని బెదిరించారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని, తామే వాడుకునేవారిని అదే చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. ఇలాంటి యంత్రమే మీకూ వచ్చి ఉంటే, తీగలు సరిచేయించే ముందే వాటినీ, బోర్డు సీరియల్ నంబరునూ, సెల్ మీద మీటరు చూపే అంకెనూ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, తీసేసిన సెల్‌నూ, టేపు చుట్టిన తీగ ముక్కనూ పారేయకుండా బిల్లుతో పాటు భద్రపరచండి.