హిదా కొండల్లో ఏప్రిల్: రథాలు, భేరీ, రెండు ముంపు చెట్లు

చెర్రీ పూలు ఏ రోజు విచ్చుకుంటాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. పండుగ తేదీలు మాత్రం మారవు. జపాన్‌లో గిఫు ప్రాంతపు హిదా కొండల్లోని తకయామా పట్టణంలో వసంత రథోత్సవం ఏటా ఏప్రిల్ 14, 15 తేదీల్లోనే జరుగుతుంది. అందుకే మేము పూలను నమ్ముకోకుండా పండుగను బట్టి ప్రయాణం ఖాయం చేసుకున్నాం. టోక్యోలో పూలు రాలిపోయాక ఈ గిఫు కొండల్లో పూత మొదలవుతుంది కనుక రెండూ కలిసివచ్చే అవకాశం ఎక్కువ. మాకు కలిసివచ్చాయి.

నగోయా నుంచి 'హిదా' ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటలు. పెద్ద పెట్టెలను ముందురోజే తక్క్యూబిన్ అనే సామాన్ల కొరియర్ సేవ ద్వారా బసకు పంపేశాం. మేము చేరేసరికి అవి గదిలో ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

తకయామా వసంతోత్సవంలో 12 రథాలు బయటికి వస్తాయి. వాటిలో మూడింటి మీద కీలుబొమ్మలు ఆడతాయి. ర్యూజిన్‌తై అనే రథం మీద ఒక పిల్లవాడి బొమ్మ కుండను మోసుకొచ్చి పెట్టి వెళుతుంది. కాసేపటికి కుండలోంచి ఎర్రజుట్టు డ్రాగన్ దేవుడు ఎగిరి పైకి లేచి చిందులు తొక్కుతాడు. ఇదంతా లోపల కూర్చున్నవారు 32 తాళ్లతో నడుపుతారు. తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన నాకు బొమ్మ కంటే ఆ కనిపించని చేతుల మీదే ధ్యాస నిలిచింది. 14 రాత్రి రథాలన్నీ లాంతర్లు కట్టుకుని వీధుల్లో తిరుగుతాయి. అది తప్పక చూడాలి. వాన పడితే మాత్రం రథాలు కదలవు కనుక రెండు రోజులూ అక్కడే ఉండేలా చూసుకోండి.

బస విషయంలో తకయామా మమ్మల్ని నిరాశపరిచింది. స్టేషను దగ్గరి హోటల్‌లో పండుగ రోజుల ధర మామూలు ధరకు రెట్టింపు పైనే. రెండు పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటు లేదు. శాకాహారమని ముందే రాసినా పులుసులో చేప వాసన వచ్చింది. ఇక్కడ ఒక మాట తెలియాలి: జపాన్ వంటలో 'దాషి' అనే రసానికి ఎక్కువగా చేపే ఆధారం. మాంసం వద్దంటే సరిపోదు, దాషి కూడా వద్దని చెప్పాలి. బౌద్ధాలయాల శాకాహారమైన షోజిన్ ర్యోరి తకయామాలో దొరుకుతుంది. కొండ ఆకుకూరలు, నువ్వుల తోఫు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద). ఆ పూట తృప్తిగా తిన్నాం.

మళ్లీ వెళితే మేము దిగేది ఫురుకావాలోనే. తకయామా నుంచి రైలులో పావుగంట. తెల్ల గోడల గిడ్డంగుల పక్కన సన్నని కాలువ, అందులో రంగురంగుల కార్ప్ చేపలు. ఊరు నెమ్మదిగా ఉంటుంది. ఆ ఊరి వసంత పండుగలో భాగంగా ఏప్రిల్ 19 రాత్రి మాత్రం ఆ నెమ్మదంతా ఎగిరిపోయింది. నడుముకు తెల్లగుడ్డ చుట్టుకున్న వందలమంది మగవాళ్లు ఒక పెద్ద భేరిని మోసుకొస్తుంటే, చిన్న భేరీల జట్లు దాని వెనక చోటు కోసం తోసుకుంటూ దూకుతాయి. చలిలో వాళ్ల ఒంటి నుంచి ఆవిరి లేవడం దగ్గర నుంచి చూశాను. ఇది అర్ధరాత్రి దాకా సాగుతుంది కనుక ఆ ఊళ్లోనే గది తీసుకోండి.

షిరకావా-గో అనే కొండ పల్లెలో గడ్డికప్పు ఇంట్లో ఒక రాత్రి ఉన్నాం. పలుచని తలుపులు, అందరికీ ఒకే స్నానాల గది. అయినా మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన బస అదే. పగటి బస్సులు వెళ్లిపోయాక ఊరు మనకే మిగులుతుంది.

మర్నాడు అద్దె కారులో మిబోరో జలాశయానికి వెళ్లాం (భారత్‌లో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది). ఒడ్డున 'షోకావా చెర్రీలు' అని పేరున్న రెండు చెట్లున్నాయి. వయసు 400 ఏళ్ల పైమాటే. ఆనకట్ట కింద మునగబోయే గ్రామాల గుడి ఆవరణల నుంచి 1960లో వాటిని పెకిలించి పైకి తెచ్చి నాటారు. అవి బతుకుతాయని చాలామంది నమ్మలేదట. ముంపులో పోవలసిన షోరెన్‌జీ గుడిని విప్పి తకయామాకు తరలించారు. పండుగ రోజు మేము దాని ముందు నిలబడ్డాం కూడా. నగోయా–కనజావా దారిలో బస్సు కండక్టరుగా పనిచేసిన సాతో ర్యోజి ఈ చెట్లను చూసి, 1977లో కన్నుమూసేలోగా ఆ దారి పొడవునా సుమారు రెండు వేల చెర్రీ మొక్కలు నాటాడు.

మేము వెళ్లినప్పుడు కింది కొమ్మలు పూశాయి, పైన ఇంకా మొగ్గలే. నిండుపూత కావాలంటే ఏప్రిల్ ఆఖరి వారం మేలు.

మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయం కింద ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారని, ఊరిని మాత్రం ఎవరూ తేలేకపోయారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ చెట్ల కింద నిలబడి అమ్మకు వీడియో కాల్ చేశాను. మొదళ్లు చూపించమంది. చాలాసేపు చూసింది.

"మా రచ్చబండ దగ్గర వేపచెట్టు ఇంతకంటే పెద్దది" అంది.