గండికోట లోయ, పాపికొండలు: రెండు నదుల కోత

నది కొండను ఎలా కోస్తుందో కళ్లారా చూడాలనుకునేవారిని నేను కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి గండికోటకే, పాపికొండల కన్నా ముందు, వెళ్లమంటాను. ఎర్రమల కొండల్లో పెన్నా తొలిచిన ఆ లోయ అంచున నిలబడితే, పలకలు పేర్చినట్టున్న ఎర్రని రాతి పొరలు, వాటిలోని నిలువు పగుళ్లు, విడిపడి కిందికి జారిన బండలు చెట్ల చాటు లేకుండా కనిపిస్తాయి. కోటకు ఆ వైపున సహజమైన రక్షణ కూడా ఈ లోయే.

1,465 కిలోమీటర్ల గోదావరి పాపికొండల దగ్గర తూర్పు కనుమల మధ్య బాగా ఇరుకవుతుంది. అక్కడ రాతిని దట్టమైన అడవి కప్పేస్తుంది గనుక, నేల నిర్మాణం కన్నా నీటి బలమే, వరదకాలపు సుడులే ఎక్కువగా తెలుస్తాయి. పైగా అది కొండరెడ్లనే గిరిజనుల నివాసం. పోలవరం జలాశయం నిండితే వారి ఊళ్లు అనేకం మునుగుతాయి కాబట్టి, పాపికొండలను కేవలం విహారస్థలంగా చూడడం నాకు సమ్మతం కాదు.