నెల్లూరులో ఉబుంటు వేసిన పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు టెర్మినల్ తెరవండి

కావలి, గూడూరు, ఆత్మకూరు వైపు నుంచి బీటెక్ పిల్లలకని సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కోసం నెల్లూరు వచ్చేవాళ్లు ఇది కాస్త చదవండి. ఉబుంటు అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, టెర్మినల్ అంటే అందులో కమాండ్లు టైప్ చేసే విండో. షాపు పేరు రాయను. "ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా ఉబుంటు వేశాం" అని చెప్పి మా తమ్ముడికి అంటగట్టిన మెషిన్‌లో ఎవరో ముందే అన్నీ అమర్చి పెట్టున్నారు.

మొదట అనుమానం వచ్చింది సుడో (అడ్మిన్ అధికారంతో పని చేయించే కమాండ్) దగ్గర. పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా "సారీ, ట్రై అగైన్" అంటుంది, రెండోసారికి ఒప్పుకుంటుంది, ఎప్పుడు కొట్టినా ఇదే తంతు. అదే సుడోను కమాండ్లు వరసగా రాసుకునే స్క్రిప్టు ఫైల్లో పెట్టి నడిపితే ఒక్కసారికే పనైపోతోంది. 'టైప్ సుడో' అని కొడితే గుట్టు బయటపడింది, అది ఏలియాస్, అంటే ఒక కమాండ్ కొడితే ఇంకోటి నడిచేలా పెట్టిన మారుపేరు. హోమ్‌లో (యూజర్ సొంత ఫోల్డర్లో) దాచిన ఫోల్డర్లో ఉన్న ఓ చిన్న ప్రోగ్రాము మొదట కొట్టిన పాస్‌వర్డ్‌ని ఫైల్లో రాసుకుని, ఆ తర్వాత అసలు సుడోను పిలుస్తోంది. ఏలియాస్ ఆ షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రాము) వరకే, అందులోంచి నడిపే స్క్రిప్టుకు అది అందదు, తమ్ముడికి తేడా తెలిసింది అందుకే.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగులు) అలా కాదు, ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్కడినుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రాముకీ, అది మొదలుపెట్టే వాటికీ కాపీ వెళ్తూనే ఉంటుంది. 'ఎన్వ్' కొట్టి చూస్తే హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ అని ఎవరిదో ఐపీ అడ్రసు, దాని కింద గిట్ ఎస్ఎస్ఎల్ నో వెరిఫై. అంటే హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే గిట్ (కోడ్ దాచుకునే, పంపుకునే టూల్) ట్రాఫిక్ అంతా ఎవడిదో సర్వర్ మీదుగా పోతోంది, పైగా అవతలున్నది అసలు సర్వరేనా అని చూసే సర్టిఫికెట్ చెకింగ్ కూడా లేదు! పాత ఓనర్ ఆఫీసు సెట్టింగ్ అయ్యుండొచ్చు అన్నారు షాపువాళ్లు. సరే, మరి ఫార్మాట్ కొట్టింది దేన్ని?

ఫోన్ చేస్తే "ఏం కాదులే అబ్బయా, ఈ స్క్రిప్టు ఒకసారి రన్ చెయ్, పోద్ది" అని ఒక ఫైలు పంపారు. తెరిచి చూస్తే వేరియబుల్స్ తీసేసే రెండు అన్‌సెట్‌లు, ఏలియాస్ తీసేసే ఒక అన్‌ఏలియాస్, చివర్లో 'డన్' అని చూపించే ఎకో. స్క్రిప్టు వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, అది తన కాపీని తుడుచుకుని పోతుంది తప్ప మన టెర్మినల్‌లో ఉన్నదాన్ని ముట్టుకోలేదు. సోర్స్ చేసి, అంటే మన టెర్మినల్ షెల్‌లోనే నడిపినా కొత్త విండో తెరిస్తే బాష్ఆర్‌సీ ఫైల్లోంచి మళ్లీ ఏలియాస్ వచ్చేస్తుంది, లాగిన్ అయితే ఈటీసీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోంచి ప్రాక్సీ వచ్చేస్తుంది. కొత్త యూజర్‌ని పెట్టుకుందామంటే దాంట్లోనూ అదే ఏలియాస్, ఎందుకంటే ఈటీసీ స్కెల్ అనే ఫోల్డర్లో ఉన్న ఫైళ్లే కొత్త యూజర్ హోమ్‌లోకి కాపీ అవుతాయి, అక్కడా మార్చి పెట్టారు.

వాపసు అడిగితే సాఫ్ట్‌వేర్‌కు గ్యారంటీ లేదట.

కాబట్టి కౌంటర్ దగ్గరే 'ఏలియాస్' (alias), 'ఎన్వ్' (env), 'టైప్ సుడో' (type sudo) మూడూ కొట్టి చూడండి. ఎల్ఎస్, గ్రెప్ కమాండ్ల మీద రంగుల కోసం పెట్టిన ఏలియాస్‌లు ఉబుంటులో మామూలే, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. సుడో మీద ఉన్నా, మీకు తెలియని ప్రాక్సీ ఉన్నా, ఎల్‌డీ ప్రీలోడ్ (ప్రోగ్రాముల్లోకి వేరే కోడ్ ఎక్కించేది) అనే పేరు కనపడినా వదిలేసి రండి. ఇప్పటికే కొనేసుంటే ఒక్కో ఫైలు వెతుక్కుంటూ కూర్చోవద్దు, వేరే మెషిన్‌లో ఉబుంటు సైట్ నుంచి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని డిస్కు మొత్తం చెరిపి మీరే వేసుకోండి, దానిమీద కొట్టిన పాస్‌వర్డులన్నీ ఫోన్ నుంచి మార్చేయండి. మావాడు పాస్‌వర్డ్ బదులు వాడే గిట్ టోకెన్ కూడా రద్దు చేసి కొత్తది తీసుకున్నాడు.