స్కూల్ కాంప్లెక్స్ సమావేశం: నోటుపుస్తకాలు తెరిచిన రోజే బాగుంటుంది

ప్రాథమిక పాఠశాల టీచర్లకు అందే శిక్షణల్లో నాకు ఎక్కువగా ఉపయోగపడింది స్కూల్ కాంప్లెక్స్ సమావేశమే. అయితే రోజంతా జరిగే ఆ సమావేశంలో నిజంగా పనికివచ్చేది ఒక గంట. ఆ గంట ఎలా ఉంటుందో, మిగతా సమయం ఏమవుతోందో ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి చెప్పాలనిపించింది.

చుట్టుపక్కల ఊళ్ల టీచర్లందరూ ఒక ఉన్నత పాఠశాలలో కలుసుకుంటారు. దగ్గరి బడులన్నిటినీ ఇలా జతకట్టాలన్నది 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఆలోచన. పల్లె బడిలో ఒంటరిగా పనిచేసే టీచరుకు తోడు దొరకాలన్నది దాని ఉద్దేశం. ఆ తోడు విలువ ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవారికి బాగా తెలుసు. ఐదు తరగతులూ ఒక్కరమే చూసుకుంటాం. ఒక పిల్లవాడికి తీసివేత ఎందుకు రావడం లేదో మాట్లాడుకోవడానికి బడిలో ఇంకొకరు ఉండరు.

మొన్నటి సమావేశంలో పక్క ఊరి మేడమ్ ఒకరు తన విద్యార్థి లెక్కల నోటుపుస్తకం తెచ్చారు. పిల్లవాడి పేరు కనిపించకుండా అట్ట మడిచి, ఒక లెక్కను బోర్డు మీద వేశారు: 503 నుంచి 178 తీసివేస్తే 475. 'అజాగ్రత్త' అన్నారు ఒకరు. 'అప్పు తెచ్చుకోవడం మరిచిపోయాడు' అన్నారు మరొకరు. ఆవిడ అదే పుస్తకంలోంచి ఇంకో రెండు లెక్కలు చూపించారు. అప్పుడు అర్థమైంది. ఆ పిల్లవాడు ఏదీ మరిచిపోలేదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు. ఎనిమిదిలోంచి మూడు, ఏడులోంచి సున్న, ఐదులోంచి ఒకటి. తన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. అలాంటి పిల్లవాడితో అవే లెక్కలు పదిసార్లు చేయిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

ఆవిడ కాగితపు నోట్లతో నేర్పారట. వంద రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు మూడు చేతికిచ్చి, 178 రూపాయలు ఇవ్వమన్నారు. ఎనిమిది రూపాయలు ఇవ్వడానికి చేతిలో చిల్లర చాలదు, పదుల నోట్లేమో అసలే లేవు. ఒక వంద నోటును పది పదులుగా, అందులో ఒక పదిని రూపాయలుగా మార్చక తప్పదు. అంటే చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు. ఇచ్చేశాక మిగిలినవి 325. సున్న మీద తొమ్మిది ఎలా వస్తుందో పిల్లవాడు తన చేతులతోనే చూశాడు. మర్నాడే మా నాలుగో తరగతిలో ఈ పద్ధతి మొదలుపెట్టాను.

ఇలాంటి గంట కోసం ఉదయమంతా ఎదురుచూడాలి. సర్క్యులర్లు చదవడం, యాప్‌లలో ఏ వివరాలు నింపలేదో బడివారీగా పిలిచి అడగడంతోనే భోజనం వేళ అవుతుంది. ఇవన్నీ ఫోనులో పంపితే చాలు. నమూనా పాఠాలు కూడా నాకు నచ్చవు. టీచర్లే పిల్లలుగా కూర్చుంటే ఏ ప్రశ్నకైనా సరైన జవాబే వస్తుంది. చప్పట్లు కొట్టి లేచిపోతాం. తరగతిలో చెడిపోయిన పాఠాన్ని ఎవరైనా ఉన్నదున్నట్టు చెబితే అందులో నేర్చుకునేది ఎంతో ఉంటుంది.

2017లో వచ్చిన దీక్షా అనే ఆన్‌లైన్ వేదికలోని టీచర్ల కోర్సులు ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. విషయం తెలుస్తుంది. కానీ 'మా బడిలో ఇది కుదరలేదండీ' అంటే వీడియో బదులు చెప్పదు. కళ్లతో చూసి నేర్చుకోవాలంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వారి గ్రామీణ బడులు మంచి ఉదాహరణ. అక్కడ కార్డులు, అభ్యసన నిచ్చెన (నేర్చుకోవాల్సినవాటిని మెట్లుగా చూపే పట్టిక) సాయంతో ఒకే గదిలో వేర్వేరు స్థాయిల పిల్లలు ఎవరి పని వారు చేసుకుంటారు. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వెళ్లిన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఈ పద్ధతే.

ఇప్పుడున్న తీరుకు మా సమావేశానికి ఐదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ నోటుపుస్తకాల గంటకే. వెళ్లేవారు మీ తరగతిలోంచి అర్థంకాని తప్పు ఒకటి ఎంచుకుని, పుస్తకంతో సహా తీసుకెళ్లండి. నిర్వహించే ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: అందరూ ఉత్సాహంగా ఉండే ఉదయం వేళను ఆ పుస్తకాలకు కేటాయించండి. సర్క్యులర్లను సాయంత్రం చూసుకుందాం.