పెళ్ళి వాచీగా ఒమేగా స్పీడ్‌మాస్టర్: ఏడేళ్ళ వాడకం, ఒక సర్వీసు

పెళ్ళికొడుక్కి వాచీ పెట్టడం మన ఇళ్ళల్లో పాత ఆనవాయితీ. ఒకప్పుడు హెచ్‌ఎంటీ, తర్వాత టైటాన్. ఇప్పుడు కాస్త కలిగినవాళ్ళు స్విస్ వాచీల దాకా వెళ్తున్నారు. అలా చేతికొచ్చిందే ఈ ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్. 42 మిల్లీమీటర్ల స్టీలు కేసు, హెసలైట్ (ఒక రకం ప్లాస్టిక్) గ్లాసు, లోపల 1861 నంబరు మూవ్‌మెంటు (వాచీని నడిపే యంత్రం). 2021లో 3861 మూవ్‌మెంటు వచ్చాక ఈ మోడల్ ఆగిపోయింది. ఇప్పుడు కావాలంటే సెకండ్‌హ్యాండే గతి.

ముందు తెలియాల్సింది: ఇది కీ ఇచ్చే వాచీ. చెయ్యి కదిలితే దానంతటదే నిండే ఆటోమేటిక్ కాదు. పూర్తిగా ఆగినప్పుడు 40 చుట్లకు అటూ ఇటూగా కీ నిండుతుంది. చివర్లో వేలికి బిగువు తెలుస్తుంది, అక్కడ ఆపేయాలి. ఆటోమేటిక్‌లో స్ప్రింగు నిండాక జారిపోయే ఏర్పాటుంటుంది, ఇందులో లేదు. అలాగని భయపడి సగం కీతో వదిలేస్తే ఇంకో చిక్కు: స్ప్రింగు బలం తగ్గేకొద్దీ టైము నిలకడ తప్పుతుంది. నిండా ఇస్తే 48 గంటలు నడుస్తుంది కాబట్టి రోజూ పొద్దున ఒకే వేళకు ఇవ్వడం మేలు. చేతికి ఉండగా మాత్రం ఇవ్వొద్దు. వేలు పక్కకి లాగి స్టెమ్ (కీకి లోపలుండే కడ్డీ) మీద వంకర బరువు పడుతుంది. విప్పి ఎడమచేతిలో పట్టుకుని ఇవ్వాలి.

టైము పెట్టడానికి కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు. అందుకని తొమ్మిది దగ్గరున్న చిన్న సెకన్ల ముల్లు 60 మీదికి వచ్చే క్షణానికి పెద్దముల్లును సరిగ్గా నిమిషం గీత మీద ఉంచాలి. నాలుగైదుసార్లకు చెయ్యి తిరుగుతుంది. తేదీ లేకపోవడం కొందరికి లోటు, నాకు సుఖం. తేదీ ఉన్న చాలా వాచీల్లో రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య తేదీ మార్చితే చక్రాల పళ్ళు విరిగే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ ఆ గొడవే లేదు.

రోజుకు ఐదారు సెకన్లు ముందుకు పోతుంది. ఆదివారం ఆదివారం సరిచేసుకుంటే చాలు. ఉన్నట్టుండి రోజుకు నిమిషం, రెండు నిమిషాలు పరుగెత్తితే మాత్రం కంగారుపడి సర్వీసుకు ఇవ్వకండి. నూటికి తొంభైపాళ్ళు అది అయస్కాంతం పట్టడమే. 1861 మూవ్‌మెంటులో హెయిర్‌స్ప్రింగు (వాచీ ఊపును నడిపే సన్నని చుట్ట) అయస్కాంతం పట్టని సిలికాన్‌ది కాదు. బ్లూటూత్ స్పీకరు మీదో, మూత దగ్గర అయస్కాంతం ఉన్న టాబ్లెట్ కవరు మీదో రాత్రంతా పెడితే ఆ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, ఊపు వేగం పెరుగుతుంది. మామూలు దిక్సూచి దగ్గరికి తెస్తే ముల్లు కదులుతుందేమో చూడండి. డీమాగ్నెటైజరుతో తీసేయడం అర నిమిషం పని, పాతబస్తీ వాచీ మెకానిక్ దగ్గరైనా అది ఉంటుంది.

క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) బటన్ నొక్కగానే పొడవు సెకన్ల ముల్లు ఒక్కోసారి చిన్నగా తుళ్ళుతుంది. ఒక చక్రం పక్కనుంచి వచ్చి ఇంకో చక్రం పళ్ళలో పడే పద్ధతి కాబట్టి పన్నుకు పన్ను ఎదురైనప్పుడు అలా అవుతుంది, జబ్బు కాదు. జబ్బు ఏదంటే, రీసెట్ చేసినప్పుడు ముల్లు 60 మీద కాకుండా పక్కన ఆగడం, మూడు దగ్గరి నిమిషాల ముల్లు గెంతకుండా సగంలో నిలబడడం. నడుస్తుండగా రీసెట్ నొక్కొద్దు. ముందు పైబటన్‌తో ఆపి, తర్వాతే కింది బటన్. అంచు మీది టాకీమీటరు (వేగం చెప్పే అంకెలు) ఉత్త అలంకారం అనుకుంటారు గానీ విజయవాడ హైవేలో పక్కసీట్లో కూర్చుని కిలోమీటరు రాయి నుంచి రాయికి కొలిచి చూడండి. 45 సెకన్లు పడితే ముల్లు 80 దగ్గరుంటుంది, అంటే గంటకు 80 కిలోమీటర్లు.

ఇక నీళ్ళు. 50 మీటర్ల దాకా నీళ్ళు తట్టుకుంటుందన్న మాట చూసి ఈతకొలనులో దిగకండి. కీ మరతో బిగిసేది కాదు, బటన్లు రెండున్నాయి, రబ్బరు వాషర్లు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడతాయి. వ్యోమగాముల చేతికి చంద్రుడి మీదికి వెళ్ళిన స్పీడ్‌మాస్టర్‌కి ఈ మాత్రం భయమా అంటారు. చంద్రుడి మీద వాన లేదు. (అక్కడికి వెళ్ళిన వాచీల్లో ఉన్నది 321 మూవ్‌మెంటు, ఇది కాదు.) విశాఖ చెమటకు, ఉప్పుగాలికి ముందు దెబ్బతినేది చైను చివరి స్ప్రింగుబార్లు (చైనును కేసుకు పట్టే పుల్లలు). నెలకోసారి చైను విడిగా తీసి సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టి ఎదురుచూడొద్దు. స్టెమ్ దగ్గరి స్టీలు ముక్కలకు తుప్పు పట్టడానికి రోజులు చాలు. ఆ రోజే విప్పించాలి.

హెసలైట్ తలుపు గొళ్ళేనికి తగిలినా గీత పడుతుంది, కానీ నీలమణి గ్లాసులా పగిలి ముక్కలై డయల్‌ని పాడుచెయ్యదు. అంచు అల్యూమినియం మీద టేపు అంటించి, బఠాణీ గింజంత పాలీవాచ్ పేస్టుతో నూలుగుడ్డ పెట్టి రెండుమూడు నిమిషాలు రుద్దితే మామూలు గీతలన్నీ పోతాయి. గోరుకు తగిలేంత లోతున్నవి ఉండిపోతాయి.

సర్వీసు ఐదు నుంచి ఎనిమిదేళ్ళకోసారి అని కంపెనీ మాట. నేను క్యాలెండరు కంటే వాచీ చెప్పేది వింటాను. నిండా కీ ఇచ్చినా 40 గంటలైనా నడవకపోవడం, కీ తిప్పుతుంటే ఇసుక రాసినట్టు గరుకు, వెనకపడడం: ఈ మూడింట్లో ఏది కనిపించినా నూనె ఎండినట్టే. టైమ్‌గ్రాఫర్ (వాచీ చప్పుడు విని నడక కొలిచే మెషీను) మీద పెట్టిస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. నిండా కీ ఉండి, డయల్ పైకి పెట్టినప్పుడు యాంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 270 డిగ్రీల పైన ఉండాలి. 220 కిందికి పడితే వాయిదా వెయ్యొద్దు. చాలామంది మెషీన్‌లో లిఫ్ట్ యాంగిల్ అనే సెట్టింగును 52 డిగ్రీల దగ్గరే వదిలేస్తారు, ఈ మూవ్‌మెంటుకు సరిపడా మార్చకపోతే ఆ అంకె నమ్మదగింది కాదు.

ఇచ్చేటప్పుడు రసీదు మీద రాయించుకోవాల్సినవి: సీరియల్ నంబరు, చైను లింకులు ఎన్ని, మార్చే భాగాల పేర్లు, అన్నిటికంటే ముఖ్యంగా 'పాలిష్ చెయ్యొద్దు'. నోటిమాట పనికిరాదు. స్పీడ్‌మాస్టర్ లగ్గులు (కేసుకు చైను తగిలే కొమ్ములు) మెలితిరిగి ఉంటాయి, మెరిసే ముఖమూ గీతల ముఖమూ కలిసేచోట పదునైన అంచుంటుంది. ఒక్కసారి బఫ్ చక్రం తగిలిందంటే ఆ అంచు సబ్బుబిళ్ళలా గుండ్రమవుతుంది, మళ్ళీ రాదు. మెయిన్‌స్ప్రింగు (కీ ఇస్తే నిండే స్ప్రింగు), వాషర్లు మాత్రం మార్చాల్సిందే. ముళ్ళూ డయలూ మారుస్తామంటే కారణం అడగండి. మూడు ముళ్ళ వాచీ కంటే క్రోనోగ్రాఫ్ సర్వీసుకు ఖర్చెక్కువ. ఊరి మెకానిక్ ఎంత పనివాడైనా అసలు విడిభాగాలు అతనికి దొరకడం కష్టం, అదొక్కటే అధీకృత సెంటరుకు వెళ్ళడానికి కారణం.

కానుక కాబట్టి బిల్లు అడగడం మొహమాటమే. అయినా వారంటీ కార్డు మాత్రం అడిగి తీసుకోండి. అందులో తేదీ, దుకాణం ముద్ర ఉండాలి, నంబరు లగ్గు వెనక చెక్కినదానితో కలవాలి. 2018 నవంబరు నుంచి కొన్నవాటికి ఐదేళ్ళ వారంటీ. అమెరికా నుంచి బంధువులు తెచ్చినదైతే ఆ బిల్లు నకలు కూడా దాచుకోండి. ఇక్కణ్ణుంచి పెట్టుకుని విదేశానికి వెళ్ళేటప్పుడు విమానాశ్రయం కస్టమ్స్‌లో వాచీ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు సుంకం కట్టమనే పేచీ ఉండదు. ఇది బయల్దేరే ముందే చెయ్యాలి, వచ్చాక అడిగితే ఇవ్వరు.